కోట బొమ్మకు దొరికిన డ్యూటీ

2023 వానాకాలం. బోయిగూడలో మా గల్లీ నిండా నీళ్ళు. ఈ వానలో ఎవరొస్తారులే అని మేడ మీద గదిలో టీ కాచుకుంటుంటే, మెట్లమీద తడి చెప్పుల చప్పుడు వినిపించింది. ఆ గదే నా వర్క్‌షాప్. మ్యూజియంలో కన్సర్వేటర్‌గా చాలా ఏళ్ళు పనిచేసి, రిటైరయ్యాక ఇంట్లోనే పని పెట్టుకున్నాను.

కన్సర్వేటర్ అంటే పాత వస్తువును కొత్తగా చేసి ఇచ్చేవాళ్ళని అందరూ అనుకుంటారు. కాదు మహాప్రభో, పాతది పాతగానే ఇంకొన్నాళ్ళు బతికేలా చూసేవాళ్ళం. ఇత్తడి, రాగి మీద ఏళ్ళ తరబడి ముదురు రంగు పొర ఒకటి కడుతుంది. దాన్ని మేము పాటినా అంటాము. వస్తువు వయసు చెప్పేది అదే. మనవాళ్ళకు అది కనబడితే చాలు, చేతులు ఊరుకోవు. చింతపండు పెట్టి తళతళలాడేలా తోమేసి, ఆ తర్వాత నా దగ్గరికి తెస్తారు. అప్పుడు నాకొచ్చే కోపం ఇంతా అంతా కాదు.

ఆ రోజు వచ్చిన సుశీలమ్మగారి చేతిలోని బొమ్మ కూడా అలాగే తళతళలాడుతోంది. ఆమెది సైనిక్‌పురి. అరవై దాటి ఉంటాయి. వెంట కొడుకు రమేష్, బేగంపేటలో ఆఫీసు ఉద్యోగం. తువ్వాలు విప్పి బొమ్మను బల్ల మీద పడుకోబెట్టిందామె, పసిపిల్లను పడుకోబెట్టినట్టు తలకింద చెయ్యి పెట్టి మరీ.

మూరెడు పొడవు చెక్క. దాని మీద ఇత్తడి, రాగి రేకులు తాపడం చేసి ఉన్నాయి. కోడిగుడ్డు ఆకారంలో ముఖం, నెత్తిన నెలవంక, రెండు పక్కలా జుట్టు కట్టినట్టు రెక్కలు. ఒళ్ళు లేదు, చేతుల్లేవు. మెడ కింద నేరుగా సంక్రాంతి గాలిపటంలాంటి చెక్క చట్రం ఒకటి, మధ్యలో ఖాళీ. ఇలాంటివి నేను పుస్తకాల్లోనే చూశాను. సికింద్రాబాద్‌లో నా బల్ల మీద చూస్తానని కలలో కూడా అనుకోలేదు.

"చింతపండుతో తోమిన్రా అక్కా?" అన్నాను, గొంతులో కోపం అణుచుకుంటూ.

"ప్రతి శుక్రవారం తోముతా మేడమ్. ఇంటికి కాపలా ఉండేటోడు మాసిపోయి ఉంటే ఎట్ల?" అందామె.

ఆమె భర్త ఫౌజులో మెకానిక్. రిటైరయ్యాక ఆఫ్రికాలో గాబన్ అనే దేశంలో ఒక కలప మిల్లులో కొన్నాళ్ళు పనిచేశాడు. తిరిగి వచ్చేటప్పుడు అక్కడి దోస్తు ఒకాయన ఈ బొమ్మ ఇచ్చాడట. "ఇది కోట బొమ్మ, జాగ్రత్త" అని భార్య చేతిలో పెట్టాడు. ఆమె భర్త పోయి ఏడాది కావస్తోంది.

"కోట బొమ్మంటే నేను గోల్కొండ కోట అసుంటిది అనుకున్న. కోట కాడ పహారా ఉంటరు గద, గట్ల. అందుకే గేటు దిక్కు మొఖం పెట్టి నిలవెట్టిన" అందామె.

రమేష్‌కు నవ్వు రాలేదు. "కోట అంటే అక్కడి మనుషుల జాతి పేరు మేడమ్. మొన్న ఫోన్ల చూసిన. చచ్చిపోయినోళ్ళ ఎముకలు బుట్టల పెట్టి, దాని మీద ఈ బొమ్మ నిలవెడతరట. నా భార్యకు ఏడో నెల. గిసుంటిది ఇంట్ల పెట్టుకుంటమా చెప్పుండ్రి? తీసేయమంటే అమ్మ ఇంటలేదు. నేను మస్తు పరేషాన్ల ఉన్న."

సుశీలమ్మ నా వైపు తిరిగింది. "ఆయన చేతితోని ఇంటికి తెచ్చినయి ఇంకేం మిగల్లే. అయినా కడుపుతోటి ఉన్న పిల్ల కంటె నాకు ఎక్కువ కాదు. ఇది ఎముకల మీద నిలవడ్డదా లేదా చూసి చెప్పు చెల్లె. నిలవడ్డదంటే నా చేతులతోనే ఇచ్చేస్త" అంది. మేడమ్‌ను చెల్లెను చేసేసింది. ఇక ఉన్నదున్నట్టు చెప్పక తప్పదు.

ముందు రమేష్‌కు ఒక మాట చెప్పాను. ఆ ఎముకలు ఎవరో దారిన పోయేవాళ్ళవి కావు. వంశంలో పెద్దవాళ్ళవి. ఇంట్లో జబ్బు చేసినా, వేటకు బయలుదేరినా, దూరప్రయాణం పెట్టుకున్నా ముందు వాళ్ళకే చెప్పుకునేవారు. పెద్దల జోలికి చెడు రాకుండా బుట్ట మీద ఈ బొమ్మ కాపలా. కళ్ళు చెదిరే మెరుపు ఉంటేనే చెడు దగ్గరికి రాదని, వాళ్ళు కూడా ఇసుకతో రుద్ది రేకులను మెరిపించేవారు. తర్వాత కాలంలో ఆ ఆచారం దాదాపు ఆగిపోయింది. బుట్టలు పోయాయి, బొమ్మలను మాత్రం బయటివాళ్ళు తీసుకుపోయి దేశదేశాల మ్యూజియాల్లో అద్దాల వెనక నిలబెట్టారు.

"ఇసుకతోనా?" అంది సుశీలమ్మ ఆసక్తిగా.

"మీరు మాత్రం చింతపండు ఆపాలె. పులుపు రేకును తినేస్తది, తడికి లోపలి చెక్క ఉబ్బుతది. మెరవాలంటె పొడిబట్టతోని తుడువున్రి, చాలు" అన్నాను. నా వృత్తిలో ఒకరిని మెరిపించమని చెప్పింది అదొక్కసారే.

వారం తర్వాత రమ్మన్నాను. ఆ వారం లూప్ కింద, అంటే కంటికి ఆనించుకునే చిన్న భూతద్దం కింద, బొమ్మను అంగుళం అంగుళం చూశాను. పాత బొమ్మలను బుట్టలోకి దించి, గాలిపటంలా ఉన్న ఆ చట్రం లోంచి తాళ్ళు పోనిచ్చి బిగించేవారు. ఏళ్ళ తరబడి తాడు ఒరిసి అక్కడ చెక్క అరుగుతుంది, అడుగు భాగం తినేసినట్టు అవుతుంది. ఇక్కడ ఒరిపిడి లేదు. అంచులు పదునుగానే ఉన్నాయి. మేకులన్నీ ఒకే అచ్చు, మిషన్‌వి. ఒకచోట లేచిన రేకు కింద చెక్క ఇంకా లేతరంగులోనే ఉంది. ఇది పాతది కాదు. ఎవరో ఈ కాలంలో పాత పద్ధతిలో శ్రద్ధగా చేసినది. మ్యూజియంలో ఉన్నప్పుడైతే ఫైల్లో ఒక్క ముక్క రాసి పక్కన పెట్టేదాన్ని. ఇప్పుడు మాత్రం హాయిగా అనిపించింది. తల్లీకొడుకులిద్దరికీ శుభవార్త కదా అనుకున్నాను.

వాళ్ళు రాగానే చెప్పాను. "ఇది ఎముకల బుట్ట మీద ఎన్నడూ నిలవడలే. కొత్తది. నిమ్మలంగ ఇంట్ల పెట్టుకోవచ్చు."

రమేష్ కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలాడు. సుశీలమ్మ ముఖం మాత్రం చిన్నబోయింది. బొమ్మ నెత్తిమీది నెలవంకను చీరకొంగుతో తుడుస్తూ కూర్చుంది.

"అంటే దీనికి ఇప్పటిదాంక డ్యూటీనే పడలేదన్నట్టు" అంది. ఫౌజీ భార్య కదా, ఆమెకు ఆ మాటే వచ్చింది. "ఉత్త గేటు చూసుకుంట నిలవడ్డది పాపం."

ఆమె పర్సు తెరిచింది. పసుపు గుడ్డలో చుట్టిన చిన్న వెండి తాయెత్తు తీసింది. నల్లబడిపోయి, వేలి కణుపంత ఉంది.

"ఇది మా ఆయనది. పుట్టినప్పుడు ఊడిన బొడ్డు ఇందుల పెట్టి మొలతాడుకు కట్టిన్రట. మా అత్త పోయేముందు నా చేతిల పెట్టింది. ఎముకలు గోదాట్ల కలిపినం గద చెల్లె, ఆయన ఒంటిది ఇంత ముక్క ఇదొక్కటే మిగిలింది. ఆయన పోయినకాంచి పర్సులనే పెట్టుకొని తిరుగుతున్న. ఏడ పెట్టాల్నో తెలుస్తలేదు."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఆ కోటవాళ్ళు పోయినవాళ్ళది దాచుకున్నారు, మనం పుట్టినవాళ్ళది దాచుకుంటున్నాం. అంతకంటే తేడా ఏముంది? ఇంత చదివిన నాకు ఆ మాట అంతవరకూ తట్టలేదు.

"గిది మంచిదే గద రమేషూ? మైలేం కాదు గద?" కొడుకును భయం భయంగా అడిగిందామె.

అతను తాయెత్తును అరచేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాది ఏడుందమ్మా?" అన్నాడు.

"ఏడుంటది? బీరువాల, నా పెండ్లిచీర మడతల."

దూది పెట్టుకునే వెదురు బుట్ట ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని ఖాళీ చేసి, కొత్త గుడ్డ పరిచాను. సుశీలమ్మ తాయెత్తును దాంట్లో పెట్టింది. బొమ్మను బుట్టలోకి దించి, చట్రంలోంచి నూలుతాడు పోనిచ్చాను. రమేష్ ఒక కొస పట్టుకున్నాడు, నేను ఇంకో కొస లాగి ముడి వేశాను. బొమ్మ నిటారుగా నిలబడింది. "ఇగ డ్యూటీ షురూ" అంది సుశీలమ్మ, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి.

పాతదా, కొత్తదా, అసలా, నకలా అని తేల్చడమే నా పని అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. ఆ బొమ్మ ముందు ఆ ప్రశ్నలు సగమే. అది ఎవరి కోసం నిలబడి ఉందన్నది మిగతా సగం. ఇప్పుడు ఏ వస్తువు వచ్చినా ముందు ఆ మాట అడిగాకే లూప్ తీస్తున్నాను.

చలికాలం మొదట్లో రమేష్ ఫోన్ చేశాడు. ఆడపిల్ల పుట్టిందట. తల్లీబిడ్డా బాగున్నారట. సంతోషం చెప్పి పెట్టేయబోతుంటే ఆపాడు.

"మేడమ్, జెర ఒక్క మాట. ఇయ్యాల పొద్దుగాల పాప బొడ్డు ఊడింది. ఆ బుట్టకు మీరేసిన ముడి ఎట్ల ఇప్పాల్నో చెప్పుండ్రి."