అమ్మ గదికి నీలం రంగు

పెయింట్ల షాపతను షేడ్ కార్డు నా ముందు పెట్టి, "రెండూ ఒకటేనండీ, ఏదో ఒకటి తీసుకోండి" అన్నాడు. ఒళ్ళు మండింది. ఒకటే అయితే రెండు పేర్లెందుకు పెట్టారయ్యా! ఒకదాన్లో నీలం ఉందా లేదా అన్నట్టుంది. ఇంకోటి దానికంటే కాస్త చిక్కన, అంతే తేడా.

అప్పటికి అమ్మకి మతిమరుపు జబ్బు బాగా ముదిరింది. కంకిపాడులో మా ఇల్లు రోడ్డు వెడల్పులో పోయింది. అమ్మని తెచ్చి బెజవాడలో మా ఫ్లాట్‌లో పెట్టుకున్నాను. రోజూ "మా ఇంటికి పోతా" అని బయల్దేరేది. ఆ ముందువారమే బెంజ్ సర్కిల్లో లారీల మధ్య దొరికింది. ఎవరో ఆటో అతను రెక్క పట్టుకుని ఇవతలికి లాగాడు కాబట్టి సరిపోయింది. ఇంకోసారి వెళ్తే మనిషి దక్కదు. పోనీ తాళం వేద్దామంటే తలుపుకేసి తల బాదుకుంటోంది. ఏం చెయ్యను దేవుడా! ఆ గది కంకిపాడు ఇల్లులా కనిపిస్తేనైనా కుదురుగా ఉంటుందేమోనని ఆశ. అంతకుమించి నాకేం తోచలేదు.

ఏటా కోతలయ్యాక అమ్మే సున్నం నానబెట్టి, అందులో నీలిమందు కలిపి, కొంగు బిగించి గోడలకి వేసేది. బకెట్ పట్టుకునేదాన్ని నేనే. ఆ నీలం నా కళ్ళకి కట్టినట్టుంది. పక్కనున్న మా ఆయన మాత్రం కార్డులో లేతది చూపించి అది చాలన్నారు. "మీకేం తెలుసు, ఊరుకోండి" అని కసిరి, చిక్కటిదే వేయించాను.

పెయింట్ వాసన పోయాక అమ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. గడప దగ్గర ఆగి గోడల్ని చూసింది. ఎన్నాళ్ళకో ఆ మొహం విప్పారింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"లోపలికి రామ్మా, మనిల్లే."

"అమ్మో, ఇప్పుడే సున్నం వేసినట్టున్నారు గదండీ! చీరకంటుతుంది."

కన్నకూతుర్ని పట్టుకుని అండీ అంటోంది. ఆరిపోయిందమ్మా అని అరచేత్తో గోడ రుద్ది చూపించాను.

"ఆరితే తెల్లబడదుటండీ? ఇదింకా పచ్చిగానే ఉంది" అని నవ్వింది.

అప్పుడు తట్టింది నాకు. నేను మనసులో పెట్టుకున్నది బకెట్లో నీలం, తడిగోడ నీలం. మర్నాటికల్లా అది తేలిపోయి, ఇంచుమించు తెల్లగా అయిపోయేది. ఏడాది పొడుగునా మేమున్నది ఆ గోడల మధ్యే. అంటే, మా ఆయన చూపించిన రంగు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"ఇది ఆరేలోపు మా ఇంటికెళ్ళొస్తానండీ" అని అమ్మ వీధి తలుపు గడియ తీసింది.