ఆళ్లగడ్డ పట్టు

నంద్యాలలో ఒక బడిలో నేను డ్రిల్లు టీచర్ని. నలభై రెండేళ్ల వయసులో కత్తిసాము మొదలుపెట్టాను. అదీ మన సాము కాదు, ఐరోపా వాళ్లది. ఈ మాట స్టాఫ్‌రూములో చెబితే మొదట ఎవరూ నమ్మలేదు. లెక్కల టీచరైతే, "ఏం మేడమ్, పిల్లకాయలకు బెత్తం సాలదనా?" అని నవ్వింది.

అంతా నా మోకాలి వల్ల జరిగింది. ఇరవై ఏళ్లు కబడ్డీ ఆడి, ఆడించి కుడి మోకాలు పాడు చేసుకున్నాను. ఇక కూతకు పోవద్దన్నాడు డాక్టరు. ఆ వేసవి సెలవుల్లో ఇంట్లో దిగులుగా కూర్చుని ఫోను చూస్తుంటే ఒక వీడియో కనబడింది. ఇద్దరు మనుషులు ముఖాలకు జాలీ ముసుగులు, ఒంటికి దళసరి కోట్లు వేసుకుని కత్తులతో తలపడుతున్నారు. కొన్ని వందల ఏళ్ల కిందట ఐరోపాలో రాసిన సాము పుస్తకాలు ఇంకా మిగిలి ఉన్నాయట. వాటిలోని రాతలు చదివి, బొమ్మలు చూసి, ఎప్పుడో ఆగిపోయిన ఆ విద్యను జనం మళ్లీ నేర్చుకుంటున్నారట. బెంగళూరులో అలాంటి బృందం ఒకటి ఉందని తెలిసింది. ఒక రెండో శనివారం రైలెక్కాను. ఆ తర్వాత నా రెండో శనివారాలన్నీ బెంగళూరువే అయ్యాయి.

ఆ పుస్తకాలంటే నరకడం, పొడవడం మాత్రమే ఉంటుందనుకున్నాను. కానీ వాటిలో చిలిపితనం చాలా ఉంది. కత్తి పిడి చివర ఉండే గుండును మర తిప్పి ఊడదీసి ఎదుటివాడి మొహాన విసరమంటుంది ఒకటి. ఇంకొకటి, వాణ్ని ఒడిసిపట్టి గోనెసంచిలో కూరెయ్యమంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన బొమ్మ వేరే ఉంది. అందులో ఇద్దరు పొడవాటి కత్తులతో తలపడుతుంటారు. ఒకడు రెండోవాడి రెండు చేతుల్నీ ఒక్క చేత్తో బంధించి, వాణ్ని ముందుకు వంచేస్తాడు. రెండో చెయ్యి ఖాళీ కదా, ఆ వంగినవాడి వీపు మీద ఆటపలక పరిచి పావులు జరుపుతూ ఉంటాడు. చూసేవాళ్లను నవ్వించాలంటే ఇలా చెయ్యమని పక్కన రాసి ఉందట. ఆ పుస్తకం రాసినాయన చర్చిలో గురువట. అది విని నాకు మరీ ముచ్చటేసింది.

ఆ పట్టును మా బృందంలో ఎవరూ వెయ్యలేకపోయారు. మా మాస్టరు తెలుగు మాట్లాడే బెంగళూరు మనిషి, పదేళ్ల అనుభవం ఉన్నవాడు. ఆయన కూడా ఏడాది పాటు ప్రయత్నించి వదిలేశాడు. ఒక చేత్తో రెండు చేతులు పట్టుకోగానే అవతలివాడు గింజుకుని బయటపడుతున్నాడు.

"ఇది కుదరదు మేడమ్," అన్నాడు నాతో. "నవ్వుకోవడానికి గీసిన బొమ్మ. అంతే."

నాకు మనసొప్పలేదు. ఆ బొమ్మను ఫోనులోకి ఎక్కించుకున్నాను.

మా పుట్టిల్లు ఆళ్లగడ్డ. నాయన అక్కడ విగ్రహాలు చెక్కే పనిచోట నలభై ఏళ్లకు పైగా పని చేస్తున్నాడు. ఉలి పట్టడు. శిల్పులు చెక్కి ఇచ్చిన విగ్రహాన్ని నీళ్లు పోస్తూ, రాయితో రుద్దుతూ నున్నగా మెరుగు పెట్టడం ఆయన పని. మేము చర్చికి పోయేవాళ్లం. నాయన ఆదివారం ఆరాధనకు పోయొచ్చి, సోమవారం వేణుగోపాలుడి మోకాళ్లు రుద్దేవాడు. అందులో ఆయనకు గానీ, పని ఇచ్చినవాళ్లకు గానీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఇబ్బంది పడింది నేనే. ట్రైనింగు కాలేజీలో ఎవరైనా అడిగితే మా నాయన శిల్పి అని చెప్పేదాన్ని. రాళ్లు రుద్దుతాడని చెప్పడానికి నోరు వచ్చేది కాదు.

ఒక ఆదివారం ఆళ్లగడ్డ పోయినప్పుడు, భోజనాలయ్యాక వసారాలో కూర్చుని ఆ బొమ్మ చూస్తున్నాను. అమ్మ పక్కనే చేటలో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నాయన కళ్లద్దాలు సర్దుకుంటూ వచ్చి తొంగిచూశాడు.

"ఏందిమే అది?"

చెప్పాను. పాస్టరు రాసిన కత్తి పుస్తకం అనేసరికి ఆయన నవ్వాడు. ఫోను తీసుకుని చాలాసేపు చూశాడు. వేలితో బొమ్మను పెద్దది చేయమన్నాడు. ముఖాలు చూడలేదు, కత్తులు చూడలేదు. కాళ్ల దగ్గరే ఆగిపోయాడు.

"మీ సారు ఏమంటాండాడు?"

"కుదరదంటున్నాడు నాయనా. చెయ్యి జారిపోతోందంట."

"మీరంతా చేతుల కాడ సూస్తాండారు. అందుకే కుదరల్యా," అన్నాడు. "ఈడ సూడు. ఈ పట్టుకున్నోని మడిమ పైకి లేసింది. మడిమ లేసిందంటే బరువు ఆ కాలి మీద లేదు. ముందు కాలి మీద గూడా లేదు, మోకాలు సడలిచ్చినాడు. మరి బరువు యాడ పోయింది?"

నేను బొమ్మను ఇంకాస్త పెద్దది చేశాను.

"పక్కోని మీద ఏసినాడు మే! తుంటి ఆనిచ్చి వాని మీద వాలినాడు. చెయ్యి ఊరికే గడియ మాదిరి అడ్డం పెట్టినాడు. వాకిలికి గడియ పెట్టి బలంగా పట్టుకోని నిలబడతామా? లేదు గదా. ఈ బొమ్మ గీసినోడు తెలివైనోడు."

ఒంపు తిరిగి నిలబడిన విగ్రహాలను నలభై ఏళ్లుగా కాలి వేళ్ల నుంచి కిరీటం దాకా చేతులతో తడిమిన మనిషి ఆయన. ఏ వంపులో ఎంత బరువు ఉందో ఆయన అరచేతులకు తెలుసు. ఆ సంగతి నాకు ఆ మధ్యాహ్నం దాకా తోచలేదు.

"లెయ్, కట్టె తీసుకో. నా మీదికి రా," అన్నాడు.

అరవై అయిదేళ్ల మనిషి మీద చెయ్యి ఎత్తడానికి జంకాను. "రామ్మే, బేగా!" అని గద్దించాడు. అమ్మ దుప్పట్లు ఉతికే కట్టె తీసుకుని పైనుంచి కొట్టాను. ఆయన పక్కకు జరిగి, నా మణికట్టు పట్టి కిందికి లాగాడు. విడిపించుకోవడానికి రెండో చెయ్యి వేశాను. ఆ చేతిని కూడా మొదటి చేతి మీదికి అడ్డంగా తోసి, తన మోచేతిని వాటి మీద గడియలా వేశాడు. తుంటి నాకు తగిలింది. అంతే, నేను నేలను చూస్తూ వంగి ఉన్నాను. కబడ్డీలో ఎందరి పట్టులోంచో జారిపోయినదాన్ని, ఎంత గింజుకున్నా కదల్లేకపోయాను. ఆయన ఆయాసపడటం కూడా లేదు.

"ఏందీ, బిడ్డను అట్ల వంచుతాండావ్? నడుం పట్టుకుంటాది!" అని అమ్మ అరిచింది.

"నీ చేట ఇట్ల ఇయ్యి," అన్నాడు నాయన.

అమ్మ ఇచ్చింది. నా వీపు మీద వేరుశనక్కాయల చేట పెట్టి, ఖాళీ చేత్తో నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలాడు. అమ్మ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. నేను కిందికి వంగే నవ్వాను. ఊపిరాడనంతగా నవ్వాను.

తర్వాత రెండు నెలలు సాధన చేశాను. సాయంత్రం బడి అయ్యాక మా మైదానం వెనక లెక్కల టీచరు నాకు ఎదురు నిలబడేది. బెత్తం జోకు వేసిన పాపానికి నా చేతిలో ఆమె ఎన్నిసార్లు వంగిందో లెక్కలేదు. ఆదివారాలు నాయన దిద్దేవాడు. "చేత్తో గుంజతాండావ్. గుంజొద్దు. వాలు," అనేవాడు. నా కుడి మోకాలికి బరువు పెట్టకూడదు కదా. ఈ పట్టులో కాలి మీద బరువే ఉండదు. నాకోసమే చేసినట్టు అనిపించింది.

ఆ చలికాలం బెంగళూరులో స్నేహపు పోటీ జరిగింది. చెన్నై నుంచీ, హైదరాబాదు నుంచీ కూడా మనుషులు వచ్చారు. మొదటి రెండు ఆటల్లో ఒకటి గెలిచి, ఒకటి ఓడాను. మూడో ఆటలో నాకెదురుగా వచ్చినవాడు నాకన్నా అడుగు పొడుగు, పదిహేనేళ్లు చిన్న. జాలీ ముసుగులోంచి నన్ను చూసి, "జాగ్రత్త ఆంటీ," అన్నాడు. మంచిగానే అన్నాడు. అయినా ఒళ్లు మండింది.

రెండుసార్లు నా భుజం మీద దెబ్బ వేశాడు. మూడోసారి పైనుంచి పెద్ద దెబ్బ కొట్టాడు. నా కత్తితో దాన్ని పక్కకు మళ్లించి, కత్తి వదిలేసి మణికట్టు అందుకున్నాను. అతను రెండో చెయ్యి వేశాడు. అడ్డంగా తోశాను, మోచెయ్యి వేశాను, వాలాను. అంత పొడుగు మనిషీ మడత కుర్చీలా వంగిపోయాడు. అతను గింజుకుంటున్నాడు, నేను వాలే ఉన్నాను. నా ఎడమ చెయ్యి ఖాళీగా ఉంది. ఆటపలక లేదు, వేరుశనక్కాయలు లేవు. ఏం చెయ్యాలో తోచక, బడిలో పరుగు పందెం పూర్తి చేసిన పిల్లల్ని తట్టినట్టు, వీపు మీద మూడుసార్లు తట్టి, "శభాష్!" అన్నాను.

హాలంతా గొల్లుమంది. నిర్ణేతలు కూడా నవ్వారు. అందరికన్నా గట్టిగా నా కింద వంగి ఉన్నవాడు నవ్వాడు. నవ్వుతో అతని ఒళ్లు ఊగడం నా తుంటికి తెలిసింది. ఆ ఆట గెలిచాను. మొత్తం పోటీలో నాకు ఏ బహుమతీ రాలేదు గానీ ఆ రోజంతా జనం నా చుట్టే ఉన్నారు.

మా మాస్టరు పరుగున వచ్చాడు. "ఎవరు చూపించారు మేడమ్ మీకు ఇది? ఏ వీడియోలో ఉంది?"

"మా నాయన చూపించాడు."

"ఆయన సాము నేర్చుకున్నారా?"

"లేదు. ఆళ్లగడ్డలో విగ్రహాలకు మెరుగు పెడతాడు. రాళ్లు రుద్దుతాడు," అన్నాను. అంత మంది ముందు, హాలు చివరిదాకా వినబడేటట్టు అన్నాను.

తర్వాతి నెల మాస్టరు ఇద్దరు శిష్యులతో కారులో ఆళ్లగడ్డ వచ్చాడు. నాయన పనిచోటికే తీసుకుపోయాను. రాయి కోసే మిషన్ల రొదలో మాట వినబడటం లేదు. ఆ పనిచోటు యజమాని పెద్ద శిల్పి, నాయన ఈడువాడే. వచ్చిన సంగతి తెలుసుకుని మిషన్లన్నీ ఆపించాడు. అందరూ చేతులు తుడుచుకుంటూ చుట్టూ చేరారు.

నాయన మాస్టర్ని ఒక విగ్రహం దగ్గరికి తీసుకుపోయాడు. వేణువు పట్టుకుని కాలు మడిచి నిలబడిన కృష్ణుడు. సగమే మెరుగు పెట్టి ఉంది.

"సారూ, ఈ సామి బరువు యాడుంది చెప్పు."

మాస్టరు నేల మీద ఆనిన పాదాన్ని చూపించాడు.

"కాదప్పా. అది ఆఖరికి చేరే చోటు. మొదలయ్యేది ఈడ," అని విగ్రహం తుంటి మీద అరచెయ్యి పెట్టాడు నాయన. మాస్టరు చేతిని కూడా తీసుకుని అక్కడ పెట్టించాడు. "కండ్లు మూసుకోని తడుము."

మాస్టరు కళ్లు మూసుకున్నాడు. పదేళ్లుగా ఇతరులకు నేర్పుతున్న మనిషి, రాతి దుమ్ములో మోకాళ్ల మీద కూర్చుని, తుంటి నుంచి మడిమ దాకా మెల్లగా తడిమాడు. లేచాక నాయన ఆయన్ను పట్టులో పెట్టాడు. మాస్టరు ఎటూ కదల్లేకపోయాడు. ఆటపలక బొమ్మ సంగతి విన్న పెద్ద శిల్పి సుద్దముక్క తెచ్చి ఆయన నల్ల చొక్కా వీపు మీద పులిజూదం గీతలు గీశాడు. పనివాళ్లు ఈలలు వేశారు.

ఇప్పుడు బెంగళూరు బృందంలో ఆ పట్టుకు వేరే పేరు లేదు. చెన్నై వాళ్లు కూడా "ఆళ్లగడ్డ పట్టు" అనే అంటారు. వాళ్ల నోట మా ఊరి పేరు సరిగ్గా తిరగదు. అయినా వినడానికి బాగుంటుంది.

ఆ రోజు మిషన్లు మళ్లీ మొదలయ్యేసరికి మధ్యాహ్నమైంది. నాయన రుద్దే రాయి అందుకోబోయాడు.

"అన్నా, ఈ పొద్దు వద్దులే. బిడ్డ వచ్చింది, చుట్టాలొచ్చినారు. ఇంటికి పో," అన్నాడు పెద్ద శిల్పి.

పండగ కాని రోజున నాయన పని మానుకోవడం నేను అదే మొదటిసారి చూశాను. చేతులు కడుక్కుని, మాస్టరు భుజం మీద చెయ్యి వేసి, రోడ్డు మీద మా అందరికన్నా ముందు నడిచాడు. దారిలో ఎదురైన ప్రతివాళ్లతో, "బెంగళూరు సారు. నా కాడికొచ్చినాడు," అని చెబుతూ పోయాడు.