కాక పేరు లేని చీటీ

మొన్న నా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. నేను వయసులో ఉన్నప్పుడు పనిచేసిన పురుగుల ప్రయోగశాలలో, పురుగులను అతికించి దాచిన పాత గాజు పలకలన్నిటికీ ఇప్పుడు ఫొటోలు తీస్తున్నారట. ఒక పలక మీది చీటీలో ఊరు గోదావరిఖని, చెట్టు తుమ్మ అని ఉండి, పట్టినవారి పేరు దగ్గర ‘తెలియదు’ అని ఉందనీ, ఆ చేతిరాత మీదేనా సార్ అనీ అక్కడి అమ్మాయి అడిగింది. చేతిరాత నాదే. తెలియదన్నది మాత్రం అబద్ధం.

ఆ పురుగును పట్టింది మా కాక, మా బాపుకు సొంత తమ్ముడు. షిఫ్టు సైరన్‌ను బట్టి పొయ్యి మీద ఎసరు పెట్టుకున్న రోజులు, ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగిన రోజులు మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. కాక ముప్పై ఏళ్ళు బొగ్గుగని లోపల కర్రతో పైకప్పును తట్టి, ఆ చప్పుడును బట్టి దాని కింద మనుషులు నిలబడవచ్చో లేదో చెప్పిన మనిషి. ఉద్యోగం నుంచి దిగిపోయాక, నేను తామర పురుగుల మీద పనిచేస్తున్నానని, అంటే మిరప ఆకులకు ముడత తెచ్చే ఆ సన్నటి పురుగులూ వాటి చుట్టాలూ నా చదువని తెలిసి, అదే కర్రతో, గని తవ్విన మట్టిని తెచ్చి పోసే మట్టిగుట్ట పక్కనున్న తుమ్మచెట్టు ఎండుకొమ్మలను తట్టేవాడు. కింద పరిచిన తెల్ల రుమాలు మీద పురుగులతో పాటు బొగ్గు నుసి కూడా రాలేది. కాసేపు ఊపిరి బిగబట్టి చూసి, కదిలిన నలుసును మాత్రం తడిపుల్లతో ఎత్తి స్పిరిట్ సీసాలో వేసి నాకు పంపేవాడు.

ప్రయోగశాలలో నా పని చూసే మా సార్ మొదటి సీసా చూసి, ఇది ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని జాతిలా ఉంది, ఇంకొన్ని తెప్పించు, తేలితే మీ కాక పేరే పెడదాం అన్నారు. ఆ మాట కాకకు చెప్పాను. అప్పటి నుంచి సీసాలు వారం వారం రాసాగాయి, నా అనుమానమూ అప్పుడే మొదలైంది. పేరు మీది ఆశతో ఏదో ఒకటి పట్టి పంపుతున్నాడనిపించింది. సీసాల్లోని చీటీలు ఒక్కొక్కటి ఒక్కొక్కరి రాతలో ఉండేవి. కాకకు రాయడం రాదనీ, క్యాంటీన్‌లో ఎవరు దొరికితే వాళ్ళ చేత రాయిస్తాడనీ తెలిసి కూడా అదీ నాకు మోసంలాగే కనిపించింది. పైగా మొదటి సీసాలోని వాటికి రెక్కలుంటే, తరువాతి వాటిలో సగానికి రెక్కలే లేవు, ముందుకాళ్ళు లావు. రెండు జాతులు కలిపేశాడని నాకు నేనే తేల్చుకున్నాను.

సెలవుకు పోయినప్పుడు అడిగాను.

“కాకా, నిజం చెప్పు, ఇవన్ని ఒక్క చెట్టువేనా?”

“ఏందిరా, గీ పురుగులు గూడ హాజరేసుకొని రావాల్నా?” అని కాక నవ్వాడు.

నేను నవ్వలేదు. “పేరు కోసం ఎక్కడియన్న కలిపినవా?”

“నేను కప్పు తట్టి మంచిగున్నదంటె దాని కిందనే మీ బాపు కూసొని సద్ది తిన్నడు. ఆయిన ఎన్నడు నన్ను గిట్ల అడగలె” అంటూ రుమాలు దులిపి తలకు చుట్టుకొని లోపలికి వెళ్ళిపోయాడు. సీసాలు మళ్ళీ రాలేదు.

పట్టిన మనిషి నమ్మదగినవాడు కాదని సార్‌కు చెప్పింది నేను. కాక చీటీలు పారేసి ‘తెలియదు’ అని రాసిందీ నేనే. సార్ రెక్కలున్నవాటినే లెక్కలోకి తీసుకొని, ఒంటి రంగును బట్టి పేరు పెట్టి అచ్చు వేయించారు. కొన్నేళ్ళకు వేరే ఊరివాళ్ళెవరో ఆ పురుగులను తుమ్మకొమ్మల మీద గుడ్డు నుంచి పెంచి చూస్తే, ఒకే తల్లి పిల్లల్లో కొన్ని రెక్కలతో, కొన్ని రెక్కల్లేకుండా, లావుకాళ్ళతో వచ్చాయి. అది చదివిన నాడు కాక బతికే ఉన్నాడు. పెద్దపల్లిలో రైలు దిగి బస్సెక్కితే చాలు. అప్పుడు కూడా, నేను పోయి చెబితే నలుగురిలో నన్ను నవ్వులపాలు చేస్తాడేమోనని ఆయన మీదే మళ్ళీ అనుమానపడి, పోలేదు.

మా శాస్త్రంలో మొదట అచ్చైన పేరే నిలుస్తుంది, ఇక దాన్ని కాక పేరుకు మార్చడం నా వల్ల కాదు. పాత చీటీని పీకెయ్యకూడదు, తప్పు దిద్దాలంటే పక్కన కొత్తది అంటించాలి. నిన్న ఆ అమ్మాయికి కాక పేరు ఇంటిపేరుతో సహా రాసి పంపాను, అంటిస్తానంది. తుమ్మచెట్టు మట్టిగుట్ట కిందికి పోయి చాలాకాలమైంది. నలుసు కదిలేదాకా ఊపిరి బిగబట్టే ఓపిక ఇప్పుడు ఎవరికుందో తెలియదు, నాకైతే అప్పుడూ లేదు. ఇకమీదట ఆ పలకను చూసేవాళ్ళకు కాక పేరూ కనిపిస్తుంది, దాని పక్కనే నా చేతిరాతా కనిపిస్తుంది.