గుమ్మం దగ్గర బల్ల

మా తిరువూరులో తెలిసినవాళ్ళ పుస్తకం డబ్బిచ్చి కొనడమంటే వాళ్ళని అవమానించడం కింద లెక్క. రాసినవాళ్ళు సంతకం పెట్టి ఊరికే ఇవ్వాలి, పుచ్చుకున్నవాళ్ళు టీవీ పక్కన పెట్టుకోవాలి. నా మొదటి రెండు కథల పుస్తకాలూ అలాగే పంచేశాను. ఎవరైనా మొహమాటానికి ధర అడిగితే "మీ ఇష్టం అండి" అనేదాన్ని. సంతలో వంకాయలమ్మే మనిషి కూడా అలా అనదు. రాసేటప్పుడు లేని భయం అమ్మేటప్పుడు ఎక్కడినుంచి వచ్చేదో! తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండేది.

అందుకే మూడో పుస్తకం ఆవిష్కరణకి హాలు గుమ్మం దగ్గర బల్ల వేయించాను. సభ కాగానే వచ్చి దాని వెనక నేనే కూర్చున్నాను. సభ జరిపించిన మా బావగారు తల పట్టుకున్నారు.

"ఏంటమ్మా ఇది? మనింటి కోడలు కొట్టు పెట్టుకుందంటారు."

"పెట్టుకున్నాను బావగారూ. అననివ్వండి."

ముఖ్య అతిథి రెడ్డిగూడెం వైపు పెద్దమనిషి. పుస్తకం చదవకుండానే నా కథల్ని వేదిక మీద ఆకాశానికెత్తేశారు. వెళ్తూ వెళ్తూ బల్ల మీంచి ఒక కాపీ తీసి చంకలో పెట్టుకున్నారు.

"నూట యాభై అండీ," అన్నాను.

ఆయన నవ్వారు. "నేను ఆవిష్కరించిన పుస్తకం నేనే కొనుక్కోవాలా అమ్మా?"

"అవునండీ. ఇంతసేపూ బాగుందన్నది మీరేగా."

నవ్వు ఆగిపోయింది. పుస్తకం బల్ల మీద పడేసి కారెక్కారు. చూస్తున్నవాళ్ళు ఒక్కరూ కొనలేదు. నాకు ఏడుపొచ్చింది, కానీ బల్ల తీయలేదు.

ఇంటికొచ్చాక బావగారు మండిపడ్డారు. "రేపు పొద్దున్నే వాళ్ళింటికెళ్ళు. ఓ కాపీ చేతిలో పెట్టి, తప్పైపోయిందని చెప్పి రా."

వెళ్ళాను. పెద్దమనిషి వరండాలో పేపరు చదువుకుంటున్నారు. పుస్తకం చూసి ఆయన కోపం చల్లబడింది.

"పర్లేదులేమ్మా, చిన్నపిల్లవి," అంటూ చెయ్యి చాపారు.

"తప్పని చెప్పడానికి రాలేదండీ. నిన్న చదవకుండా పొగిడారు కదా, చదువుతారేమోనని తెచ్చాను. ధర అదే."

ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తర్వాత జేబులు తడుముకుని, చిల్లర లేదన్నారు.

"ఫోన్లో కొట్టండి సార్," అన్నాను. "నేనాగుతాను."