దొరగారి సొరుగుల బల్ల

మొన్న రుషికొండలో మా సత్తిబాబన్నయ్య కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి వెళ్లాను. గుమ్మం ముందు చెప్పులు విప్పుతుండగానే, పొంగిన పాల వాసననీ మామిడాకుల వాసననీ హోమం పొగనీ పక్కకి తోసేసి, ఘాటైన కర్ర పాలిష్ వాసన ఒకటి ముక్కులోకి దూరింది. లోపలికెళ్తే, సముద్రం కనిపించే గాజు తలుపు పక్కన అది నిలబడి ఉంది. ఒకదాని కింద ఒకటిగా నాలుగు సొరుగులు, ఇత్తడి పిడులు, పులి పంజాల్లాంటి కాళ్లు. వచ్చినవాళ్లంతా భోజనాల సంగతి మరిచిపోయి దాని చుట్టూ మూగారు. "యాంటిక్ అండీ, ఇప్పుడిలాంటివి ఎక్కడ దొరుకుతాయి!" అంటూ దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. "మా తాతగారి మీద అభిమానంతో దొరగారు ఇచ్చి వెళ్లారు" అని అన్నయ్య గొంతు సవరించుకుని మరీ చెబుతున్నాడు. మా తాత రేవులో బస్తాలు మోసిన మనిషి. ఆయనకి దొరలు ఇచ్చింది ఏదైనా ఉంటే అది తిట్లు మాత్రమే. పాత కొయ్య కనబడితే చాలు, దానికో వంశచరిత్ర అతికించి మురిసిపోయే ఈ జనాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మా చిన్నప్పుడు మేమంతా పాత ఊళ్లో, రేవుకి కూతవేటు దూరంలో, ఒక పెంకుటింట్లో ఉండేవాళ్లం. మామ్మ, పెదనాన్న, పెద్దమ్మ, వాళ్ల సత్తిబాబు, మా అమ్మా నాన్నా, నేను. పొద్దున్నే ఓడల కూతతో మెలకువ వచ్చేది. గాలి రేవు వైపు నుంచి వీస్తే ఆరేసిన బట్టల మీద ఇనప రాయి ఎర్రదుమ్ము, సముద్రం వైపు నుంచి వీస్తే ఇంటినిండా ఎండుచేపల కంపు, రెండూ లేనినాడు పక్కింటి పొయ్యి మీద వేగుతున్న ఉల్లిపాయల వాసన. వానాకాలంలో గోడలు చెమ్మగిల్లి, ముట్టుకుంటే సున్నం పెచ్చులుగా వేళ్లకి అంటుకునేది. ఎండాకాలంలో పెరడంతా తాటిముంజెల తొక్కలు, వాటిని పుల్లకి గుచ్చి మేం చేసిన బళ్లు. ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కుని దారి ఇవ్వాల్సిందే. అంత విశాలమైన ఇంట్లోకి పెదనాన్న ఈ బల్లని తెచ్చి దింపాడు.

పెదనాన్న పోర్టులో గుమస్తా. మడత నలగని ప్యాంటు, నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు, మాటకి ముందొక దగ్గు. కొండ మీద ఏదో దొరల కాలం నాటి బంగళా పడగొడుతూ సామాను వేలం వేస్తే, ఈయన పాట పాడి దీన్ని దక్కించుకుని, తోపుడు బండి మీద ఎక్కించి, తాను పక్కనే ఊరేగింపుగా నడుచుకుంటూ వచ్చాడు. కింది రెండు సొరుగులూ తెరుచుకున్నాయి. పై రెండూ ఎంత లాగినా రాలేదు. అవి రహస్యపు సొరుగులట, దొరలు ముఖ్యమైనవన్నీ అలాంటి చోటే దాచుకుంటారట, తాళం చెవి దొరతోపాటు లండన్ వెళ్లిపోయిందట. "తాళం పెట్టే కన్నం ఏది పెదనాన్నా?" అని అడిగినందుకు నాకు ఒక మొట్టికాయ పడింది. ఆ తర్వాత ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఇక మా బతుకులు ఆ బల్లకి లోబడ్డాయి. దాని దగ్గర గోళీలాడకూడదు, గచ్చకాయలాడకూడదు, తడి చేత్తో ముట్టుకోకూడదు, దానికి ఆనుకుని ముగ్గుపిండి డబ్బా పెట్టకూడదు. ఆదివారం పూట పెదనాన్న బనీను గుడ్డకి కొబ్బరినూనె అద్ది, పసిబిడ్డకి ఒళ్లు రాసినట్టు దానికి రాసేవాడు. కన్న కొడుకుని ఆయన అంత సుతారంగా ముట్టుకోగా నేను చూడలేదు. ఇంతకీ ఆ రెండు సొరుగుల్లో ఏముండేవి? ఒకదాంట్లో ఆయన జన్మలో కట్టుకోని ఒక టై. రెండోదాంట్లో కోటు దులుపుకునే బ్రష్. ఆయనకి కోటు లేదు.

మా పెద్దమ్మది తగరపువలస దగ్గర పల్లె. అరక దున్నుకునే కుటుంబం. ఆవిడ నోరు మెదిపేది తక్కువ, నవ్వితే మాత్రం కళ్లు మూసుకుపోయేవి. పుట్టింటి నుంచి తెచ్చుకున్నవాటిలో ఆవిడ ప్రాణంగా చూసుకునేది వాళ్లమ్మ పెళ్లినాటి పట్టుచీర ఒక్కటే. ముదురు వంకాయ రంగు, సన్నటి జరీ అంచు. చనిపోయే ముందు వాళ్లమ్మ దాన్ని తన చేత్తో మడతపెట్టి ఇచ్చిందట. మంచం కింద అట్టపెట్టెలో, పాత దుప్పటిలో చుట్టి, మధ్యలో వేపాకు వేసి దాచేది. ఎండాకాలంలో ఒక పూట దండెం మీద నీడకి ఆరేసి, ఎవరూ చూడటం లేదనుకుని దానికి చెంప ఆనించుకునేది. మా ఇంట్లో ఎలుకల సంగతి ఆవిడకి తెలుసు. అందుకే ఒకరోజు పెదనాన్న అన్నం తింటున్నప్పుడు, మజ్జిగ పోస్తూ మెల్లగా అడిగింది.

"కిందదొక్కటి నాకియ్యండి. మాయమ్మ సీరెట్టుకుంతాను."

"నీ సీరల వోసనంటితే ఆ కర్రేటవుద్దో తెలుసా నీకు?" అన్నాడు పెదనాన్న, తల ఎత్తకుండానే.

ఆ వానాకాలంలోనే ఎలుకలు అట్టపెట్టెకి కన్నం పెట్టాయి. పెద్దమ్మ దుప్పటి విప్పేసరికి, మడత మడతకీ ఒకే చోట కొరికిన కన్నాలు, చీర పొడుగునా. ఆవిడ ఏడవలేదు. పేలికలన్నీ ఒళ్లో వేసుకుని, జరీ ముక్కలు ఒక పక్కకి ఏరుతూ కూచుంది. మా అమ్మ వెళ్లి పక్కన కూచుంది. అక్కడికి రెండడుగుల దూరంలో టై, బ్రష్ తప్ప ఏమీ లేని రెండు సొరుగులు నూనె రాసుకుని మెరుస్తున్నాయి. నాకు ఇప్పటికీ ఆయన మీద కోపం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

మార్గశిరం వస్తే మా వీధంతా అమ్మవారిదే. ప్రతి లక్ష్మివారం, అదే గురువారం, తెల్లారకుండానే వాకిళ్లు కడిగి, బియ్యప్పిండి ముగ్గులు పెట్టి, వారానికో నైవేద్యం వండేవారు. ఒక వారం పులగం, ఒక వారం అట్లూ తిమ్మనం, ఒక వారం అప్పాలూ పరమాన్నం. నేతిలో అప్పాలు వేగుతుంటే మేం వంటింటి గుమ్మం వదిలేవాళ్లం కాదు. అంతకుముందు మామ్మ పీట మీద కలశం పెట్టేది. బల్ల వచ్చాక, తాంబూలానికొచ్చే పేరంటాళ్లందరి కళ్లూ దాని మీద పడాలని, పెదనాన్న కలశాన్ని ఆ బల్ల మీదే పెట్టించడం మొదలుపెట్టాడు. అమ్మవారి మీద భక్తి ఏమీ కాదు, ఇత్తడి పిడుల మీద భక్తి. అలా ఏళ్ల తరబడి లక్ష్మీదేవి మా ఇంట్లో దాని మీదే పూజలందుకుంది.

ఒక ఏడాది అప్పాల వారం ముందురోజు సాయంత్రం, బల్ల వీధిలోకి సరిగ్గా కనబడటం లేదని పెదనాన్నకి తోచింది. మా నాన్నని పిలిచి, గుమ్మానికి ఎదురుగా జరుపుదామన్నాడు. ఇరుగమ్మా పొరుగమ్మా మా సావిట్లోనే కూచుని చామంతులు గుచ్చుతున్నారు. అన్నదమ్ములిద్దరూ పైపలక అంచులు పట్టుకుని ఒక్క ఊపుతో ఎత్తారు. బల్ల లేవలేదు. ఏళ్ల వార్నీషుకి అతుక్కుపోయి ఉన్న పైపలక, టప్పుమని మూతలా తెరుచుకుంది. పై రెండు సొరుగులూ సొరుగులు కావు, ముందువైపు కొట్టిన ఉత్త చెక్కలు. వాటి వెనక ఒక పలక, పలక మధ్యలో నున్నగా తీర్చిన గుండ్రటి కన్నం, కన్నం కింద నీలం పూల పింగాణీ గిన్నె. అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మామ్మ దగ్గరికొచ్చి, ఒంగి చూసి, ముక్కు మీద వేలేసుకుంది.

"ఒరే, ఇది దొర దొడ్డికెల్లే పెట్టిరా! అమ్మోరి కలశం దీనిమీదెట్టించీసినావేట్రా?"

చామంతులు గుచ్చుతున్న ఆడవాళ్లు పైట కొంగులు నోట్లో కుక్కుకున్నారు. దీపాలు పెట్టే వేళకి వీధి చివరిదాకా కబురు పాకింది. మామ్మ ఇల్లంతా పసుపునీళ్లు చల్లించి, గిన్నెని పెరట్లోకి విసిరేయించింది. అది పగలకుండా గడ్డిలో పడి, కోళ్లు నీళ్లు తాగడానికి పనికొచ్చింది. మర్నాడు కలశం మళ్లీ పీట మీదికి చేరింది. అప్పాలు ఆ ఏడాది కుదిరినంత బాగా ఎప్పుడూ కుదరలేదు. పెదనాన్న మాత్రం కడుపునొప్పని చెప్పి ముసుగు తన్ని పడుకున్నాడు.

బల్లని పెరటి వసారాలోకి ఈడ్చారు. కొన్నాళ్లు పోయాక పెదనాన్న, ఏదో దానం చేస్తున్న మహారాజులా దగ్గి, "కింద సొరుగులు బానే ఉన్నాయి కదా, నువ్వే వోడుకో" అన్నాడు పెద్దమ్మతో. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

"అడిగినప్పుడు నా సీరల వోసన దీనికంటుతాదన్నారు. ఇప్పుడు దీని వోసన నా సీరలకంటదేటి?"

మర్నాటి నుంచి పెద్దమ్మ ఆ రెండు సొరుగుల్లోనూ నీళ్లపొయ్యిలోకి పిడకలు పేర్చింది. ఆయన కళ్లముందే పేర్చేది, కళ్లముందే తీసేది. పెదనాన్న బతికున్నన్నాళ్లూ ఆవిడ అందులో తనదంటూ నూలుపోగు పెట్టలేదు. తర్వాత మామ్మ పోయింది, పెదనాన్న పోయాడు, మా నాన్నకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగమొచ్చి మేం గాజువాక వెళ్లిపోయాం. ఇప్పుడా పెంకుటిల్లు లేదు, ఆ చోట బైకులు నిలుపుకుంటున్నారు. లక్ష్మివారాల అప్పాలు మిఠాయి కొట్టునుంచి వస్తున్నాయి. వాటిలో నెయ్యి వాసనే ఉండదు.

మొన్న ఫ్లాటులో, భోజనాలకి పిలుపొచ్చి జనం బల్ల చుట్టూ పలచబడ్డాక, అప్పుడు చూశాను దాని పైభాగం. కన్నం కనబడకుండా లోపల ప్లైవుడ్ బిగించి, మూతకి మేకులు కొట్టించాడట అన్నయ్య. ఆటోనగర్‌లో ఎవరి చేతో పని చేయించాడట, చాలా బాగా చేశారట. మూత మీద ఆ నీలం పూల గిన్నె, దానినిండా నీళ్లు, నీళ్లలో గులాబీ రేకులు. గిన్నె వెనక, మిణుకుమిణుకుమనే కరెంటు దండ వేసుకుని, రెండేళ్ల కిందట పోయిన మా పెద్దమ్మ ఫొటో.

అన్నయ్యకి ఇదంతా తెలుసు. ఆవేళ సావిట్లో నా పక్కనే నిలబడి, నాకంటే గట్టిగా నవ్వినవాడే. నేను దండ పీకేసి, ఫొటో తీసి కొంగుతో తుడిచి చంకలో పెట్టుకున్నాను. అన్నయ్య అన్నం చెయ్యి అలాగే పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏటే, ఏటి సేత్తన్నావ్? అందరూ సూత్తన్నారు!"

"పెద్దమ్మని నాను తీసుకెల్లిపోతన్నాను. ఇది పెదనాన్నకి పేనం కదా అన్నయ్యా, ఆయన్ని కూకోబెట్టు" అన్నాను, అందరికీ వినబడేలా.