నర్సమ్మ నేర్చుకొని వచ్చిన మర్యాద

“ఈ నర్సమ్మ మొగం నేను చూడలేను, ఇంటికి పోదాం పద” అన్నాడు మా ఇంటాయన, ఆస్పత్రి మంచం మీద. “తెల్లారనీ, పోదాం” అన్నాను. తెల్లారేసరికి ఆయన ప్రాణం పోయింది. మా ఇద్దరికీ అదే ఆఖరి మాట. ఈ పొద్దు నా తమ్ముడు ఆ నర్సమ్మ దగ్గరికే పోయినాడు. అందుకే ఇదంతా గుర్తుకొచ్చి, మా కోడలితో రాయిస్తా ఉండాను.

మా ఆయన మూకండపల్లిలో ఒక కంపెనీలో లోడు ఎత్తేవాడు. ఒళ్ళునొప్పులని మొదలుపెట్టి మత్తుసూదికి మరిగినాడు. ఒకరి సూది ఇంకొకరు వేసుకుంటే హెచ్‌ఐవీ వస్తుందని ఆ గుంపులో ఎవురికి తెలుసు? ఆస్పత్రిలో ఈ నర్సమ్మే వార్డంతా వినేటట్టు “సూది కేసు యాడ పండుకోనుండాడు?” అని అరిచేది. ఆయన దుప్పటి మొగం మీదికి లాక్కొనేవాడు.

ఇప్పుడు ఆమె మా ఉద్దనపల్లి ఆస్పత్రికి మారి వచ్చింది. మత్తుకు మరిగినోళ్ళతో ఎట్ల మాట్లాడాలో కృష్ణగిరిలో ట్రైనింగ్ ఇచ్చినారంట. మర్యాదకు కూడా ట్రైనింగా అని నవ్వినాను. పోయిన నెల మా ఇంటికే వచ్చి, చాప మీద కూర్చొని, నా తమ్ముడెట్లుండాడని అడిగింది. వాడికీ అదే అలవాటని ఈమెకు ఎవురు చెప్పినారు? పోలీసులే పంపినారనుకున్నాను. నా వక్కాకు సంచిలోంచి ఆకు తీసి, సగం చింపి నా నోట్లో వేసుకొని, మిగతా సగానికి సున్నం రాసి ఆమెకు చాపినాను. ఆయన హెచ్‌ఐవీ నాకూ అంటిందని ఆమెకు తెలుసు. “సున్నానికి నోరు పొక్కుతుందమ్మా, వట్టి ఆకు చాలు” అని సున్నం తుడిచి, ఆ సగమే నమిలింది. ఇదీ ట్రైనింగులో చెప్పినారేమో అనుకున్నాను.

తమ్ముడు సామల్పట్టి పోయినాడని అబద్ధం చెప్పినాను. వాడు లోపలే ఉండాడు, చెప్పులు గడప దగ్గరే ఉండాయి. ఆమె వాటి పక్కనే తన చెప్పులు తొడుక్కుంటా, “ఊరి నుంచి వచ్చినాక ఆస్పత్రి వెనక వాకిట్లోంచి రమ్మనమ్మా. పేరు పెట్టి పిలవను, పోలీసులకు చెప్పను. రక్తం చూస్తాము, మత్తు మానేదానికి మందుండాది” అనింది. మళ్ళీ వెనక్కి తిరిగి, “మీ ఆయనప్పుడు నాకు ఇది తెలీదు” అనింది. ఆకు ఇచ్చినందుకు మన్నించినానని అనుకుంటే అది ఆమె ఇష్టం.

లోపల వాడు అంతా విన్నాడు. ఈ పొద్దు గడ్డం గీసుకొని, నాతో చెప్పకుండా పోయినాడు. నేను వెనకాలే పోయి, ఆస్పత్రికి ఎదురుగా టీ అంగట్లో కూర్చొని, పోలీసు జీపు వస్తుందేమోనని చూసినాను. రాలేదు. వాడే మోచెయ్యి మడతలో దూది అదుముకొని బయటికొచ్చినాడు. మందుకు రేపూ రమ్మనిందంట.

ఆమె నేర్చుకునేదానికి ఇన్నేండ్లు పట్టింది. నేను నమ్మేదానికి ఇంకెన్నేండ్లు పడుతుందో. నా తమ్ముడికి మాత్రం అంత కాలం లేదు. రాసినావా కోడలా? మధ్యలో నీ మాటలేమన్నా కలిపినావేమో, మొదట్నుంచి చదువు, వింటాను.