చిన్నాన్నకి ఎలుకల జ్వరం వచ్చిన ఏడు

మొన్న గరివిడి దాటి చీపురుపల్లి వైపు స్కూటర్ మీద వెళ్తుంటే, దమ్ము పట్టిన మడిలోంచి కుళ్లిన ఆకూ బురదా కలిసిన వాసన ముఖానికి కొట్టింది. ఆ వాసనతో మా ఊరి వానాకాలం మొత్తం కదిలొచ్చింది: వరినాట్లప్పుడు గట్టు మీద తాగే చోడి అంబలి, నంజుకోను పచ్చి ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప, పీతల కన్నాల్లో పుల్లలు దూర్చి ఆడే మా ఆడపిల్లల మూక, అందరికంటే ముందు మడిలో దిగి అందరికంటే చివర గట్టెక్కే మా చిన్నాన్న.

ఆయనకి అప్పటికింకా పెళ్లి కాలేదు. మడమలు బీటలువారినా చెప్పులు తొడిగేవాడు కాదు. ఆ ఏడు వానలు తెరిపివ్వక, ఎలుకల కలుగులన్నీ మునిగిపోయాయి. నాట్లు సగంలో ఉండగా ఆయనకి చలిజ్వరం తగిలింది. కళ్లు ముందు ఎర్రబడి, తర్వాత పచ్చబడ్డాయి. పిక్కలు ముట్టుకుంటే చాలు, అంత మనిషీ కేకలు పెట్టేవాడు.

పొరుగూళ్లో పసరు పోయించాలంది నానమ్మ. అత్తగారి మాటకి అమ్మ ఎదురు చెప్పడం మేమెప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాం.

"మా అన్నకి కామెర్లొచ్చినపుడు పిక్కలు నొప్పెట్టనేదత్తా. ఇదేటో ఏరే జబ్బు. ఇజినారం తీసుకెళ్తన్నాను."

"ఆడికేటైనా అయితే?"

"నాదే పూచీ."

నాన్న వెళ్లి ఆటో తెచ్చాడు.

విజయనగరం ఆసుపత్రిలో డాక్టరు చిన్నాన్న పాదాలు చూసి, చేలో ఎలుకలున్నాయా అని అడిగాడట. రక్తపరీక్ష చేయించాడు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలోంచి, కాలి పగుళ్ల గుండా క్రిమి ఒంట్లోకి చేరి కాలేయాన్ని పట్టిందనీ, ఇంకా ఆలస్యమైతే మూత్రపిండాలూ దెబ్బతినేవనీ చెప్పి సూదిమందు మొదలుపెట్టాడు. ఆయన లేచి కూర్చునేదాకా అమ్మ ఆ మంచం పక్కనుంచి కదల్లేదు. ఇక్కడ నానమ్మకి ముద్ద దిగలేదు.

సగమై ఇంటికొచ్చాడు చిన్నాన్న. నానమ్మ వేడన్నం వండి, కొడుకు కంటే ముందు కోడలికి కంచం పెట్టింది.

ఇప్పుడు మా మడి యంత్రం నాటుతోంది. వరసగా వంగిన ఆడవాళ్లూ లేరు, అమ్మ ఎత్తుకుంటే వాళ్లంతా అందుకునే నాట్ల పాటా లేదు. అమ్మా లేదు. మనవల్నెత్తిన చిన్నాన్న మాత్రం ఈ వయసులోనూ గట్టు మీద నిలబడి డ్రైవర్ని గదమాయిస్తున్నాడు. ఆ పాట గుర్తుందా అని అడిగాను.

"మీ యమ్మ పాటే అది. నాకేటి వస్తాది?" అన్నాడు.

అన్నాడే గానీ, ఇంజిను ఆగగానే గొంతు సవరించుకున్నాడు.